ఐస్ పెట్టెలో అవయవం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో అవయవ మార్పిడి మీద వచ్చినవే ఎక్కువ. అడిగినవాళ్లు వేరైనా ప్రశ్నలు ఒకదాన్నొకటి పట్టుకొని ఉన్నాయి కాబట్టి అన్నిటినీ ఒకచోట చేర్చాం.

గ్రీన్ ఛానెల్ అని తిరుపతిలో ట్రాఫిక్ ఆపి అంబులెన్సు పంపుతారు. గుండెకు నాలుగు గంటలే టైమంటారు, కిడ్నీని మాత్రం మర్నాడు కూడా పెడతారట. అదే ఐసు, అదే పెట్టె కదా, ఈ తేడా ఎందుకు? అసలు అవయవాన్ని నేరుగా ఐసులో పెట్టేస్తారా?
*ఒక పాఠకుడు, శ్రీకాళహస్తి*

రెండో ప్రశ్నతో మొదలుపెడదాం. నేరుగా ఐసులో పెట్టరు, పెట్టకూడదు. మూడు సంచులు వాడతారు. మొదటి సంచిలో అవయవం పూర్తిగా మునిగేలా చల్లటి ప్రిజర్వేషన్ ద్రావణం పోసి, గాలి బుడగలు లేకుండా మూతి కడతారు. దాన్ని చల్లటి సెలైన్ ఉన్న రెండో సంచిలో దించుతారు. రెండిటినీ కలిపి మూడో సంచిలో పెట్టి, అప్పుడు ఐస్ పెట్టెలోకి చేరుస్తారు. ఐసు తగలకుండా అవయవాన్ని కాపాడేది ఆ రెండో సంచిలోని సెలైనే. ఐసు కూడా కరుగుతున్నదే కావాలి. కరిగే ఐసు సున్నా డిగ్రీల దగ్గరే నిలబడుతుంది. డీప్ ఫ్రీజర్‌లోంచి అప్పుడే తీసిన ఐసు అంతకంటే చాలా చల్లగా ఉంటుంది, డ్రై ఐసైతే మైనస్ 78 డిగ్రీలు. అలాంటిది తగిలిన చోట కణజాలంలోని నీరు గడ్డకట్టి, ఆ పలుకులు కణాల పొరల్ని చీల్చేస్తాయి. ఎడమ కిడ్నీయా కుడిదా, దాత బ్లడ్ గ్రూపు ఏమిటి, రక్తనాళానికి బిగింపు వేసిన టైము ఎంత, ఇవి పెట్టె మీద రాసి ఉండాలి. గడియారం నడిచేది ఆ బిగింపు టైము నుంచే.

ఇక గంటల సంగతి. చల్లదనం కణం ఆకలిని తగ్గిస్తుందే కానీ పూర్తిగా చంపదు. ఒంటి వేడి పది డిగ్రీలు తగ్గినప్పుడల్లా కణంలో జరిగే పని రెండు మూడు రెట్లు తగ్గుతుంది. 4 డిగ్రీల దగ్గర సుమారు పదో వంతు మిగులుతుంది. ఆ పదో వంతుకు కూడా శక్తి కావాలి, ఆక్సిజన్ లేదు కాబట్టి నిల్వలు కరిగిపోతుంటాయి. గుండెకు 4 గంటలు, ఊపిరితిత్తులకు 6 నుంచి 8, కాలేయానికి 8 నుంచి 12, కిడ్నీకి 24, తప్పనిసరైతే 36 గంటల దాకా అనే లెక్క ఇక్కడి నుంచి వచ్చింది. అయితే అవయవం ఎంతసేపు తట్టుకుంటుందన్నది ఒక్కటే కాదు, పెట్టాక దానికి విశ్రాంతి దొరుకుతుందా అన్నది కూడా చూడాలి. కిడ్నీ వారం రోజులు మొరాయించినా డయాలిసిస్ నడిపిస్తుంది. గుండె మాత్రం బిగింపు తీసిన కాసేపట్లోనే ఒళ్లంతటికీ రక్తం తోయాలి.

ఆ నాలుగు గంటలూ రోడ్డుకే దక్కవు. గుండెను తీసి సర్దడానికి అరగంట పైన, అవతల కుట్టడానికి దాదాపు గంట పోతే, ప్రయాణానికి మిగిలేది రెండున్నర గంటలే. తిరుపతి నుంచి చెన్నైకి రోడ్డు మీద సుమారు 135 కిలోమీటర్లు. మామూలు ట్రాఫిక్‌లో ఆ లెక్క తప్పుతుంది. అందుకే రేణిగుంట విమానాశ్రయం, అందుకే ఆగిన సిగ్నళ్లు. అంబులెన్సుకు మీరు దారి ఇచ్చిన ఐదు నిమిషాలూ ఈ లెక్కలోవే.

రక్తం అందక అవయవం దెబ్బతింటుందంటే అర్థమవుతుంది. రక్తం తిరిగి పారించినప్పుడే అసలు దెబ్బ తగులుతుందని చదివాను. ప్రాణవాయువు వచ్చాక దెబ్బ తగలడమేమిటి?
*ఒక ఉపాధ్యాయురాలు, చంద్రగిరి*

మీరు చదివింది నిజమే. మార్పిడి శాస్త్రంలో సగం ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

కణంలో శక్తి నాణెం ఏటీపీ. ఆక్సిజన్ ఆగగానే అది మెట్టు మెట్టుగా విరిగి చివరికి హైపోక్సాంథిన్ అనే పదార్థంగా పోగుపడుతుంది. కణానికి శక్తి తయారుచేసే మైటోకాండ్రియాలో సక్సినేట్ అనే ఇంధనం కాలకుండా పేరుకుంటుంది. సోడియం పంపు ఆగిపోయి, సోడియంతో పాటు నీరు లోపలికి చేరి కణం ఉబ్బుతుంది. ఇదంతా నిశ్శబ్దంగా జరుగుతుంది. బిగింపు తీసి వెచ్చటి రక్తం వదలగానే ఆక్సిజన్ ఒక్కసారిగా వస్తుంది. పోగుపడిన హైపోక్సాంథిన్ మీద సాంథిన్ ఆక్సిడేజ్ అనే ఎంజైము పనిచేసి సూపరాక్సైడ్ అనే దూకుడు ఆక్సిజన్ రూపాన్ని పుట్టిస్తుంది. సక్సినేట్ గబగబా కాలి, మైటోకాండ్రియాలో ఎలక్ట్రాన్లను వెనక్కి తోసి ఇంకా ఎక్కువ సూపరాక్సైడ్‌ను వదులుతుందని 2014లో తేలింది. ఈ ఉప్పెన మొదటి కొద్ది నిమిషాల్లోనే వచ్చిపడుతుంది. సూపరాక్సైడ్ హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుతుంది, అక్కడ విడి ఇనుము ఉంటే దాన్నుంచి హైడ్రాక్సిల్ రాడికల్ అనే ఇంకా దూకుడైన అణువు పుడుతుంది. అది తగిలిన కొవ్వునల్లా కొరుకుతుంది, కణం పొర అంటేనే కొవ్వు.

మన జిల్లాలో ప్రతి ఇంటికీ తెలిసిన ఉదాహరణ శనగ నూనె. మూత తీసి ఎండ తగిలేచోట పెట్టిన డబ్బా కొన్నాళ్లకు వాసన మారుతుంది. గాలిలోని ఆక్సిజన్ నూనె కొవ్వును గొలుసుకట్టుగా విరగ్గొట్టడం వల్ల వచ్చే వాసన అది. ఒక అణువు చెడితే పక్కదాన్ని చెడగొడుతుంది. కిడ్నీ కణాల పొరల్లో జరిగేదీ ఆ రసాయనమే, నెలల్లో కాకుండా నిమిషాల్లో జరుగుతుంది, అంతే.

అందుకే ప్రిజర్వేషన్ ద్రావణం ఉత్త సెలైన్ కాదు. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో బెల్జర్, సదర్డ్ 1980లలో తయారుచేసిన యూడబ్ల్యూ ద్రావణంలో ఉబ్బును ఆపడానికి లాక్టోబయోనేట్ 100 మిల్లీమోల్, రాఫినోజ్ 30, హైడ్రాక్సీఇథైల్ స్టార్చ్ లీటరుకు 50 గ్రాములు ఉంటాయి. సాంథిన్ ఆక్సిడేజ్‌ను అడ్డుకోవడానికి అల్లోప్యూరినాల్ 1 మిల్లీమోల్, రాడికల్స్‌ను తుడవడానికి గ్లూటాథయోన్ 3, ఏటీపీ తిరిగి కట్టుకోవడానికి అడినోసిన్ 5. అల్లోప్యూరినాల్ అంటే గౌటు అనే కీళ్ల జబ్బుకు వాడే మాత్రలోని మందే. ఒక చిక్కుంది. ఈ ద్రావణంలో పొటాషియం 120 మిల్లీమోల్ పైమాటే. కాలేయాన్ని కడక్కుండా రక్తం వదిలితే ఆ పొటాషియం నేరుగా గుండెకు చేరి దాన్ని ఆపేయగలదు. అందుకే కలిపే ముందు చల్లటి ఆల్బుమిన్ లాంటి ద్రవంతోనో, మొదట వచ్చే కొంత రక్తాన్ని బయటికి వదిలేసో కడుగుతారు. ఈ మెట్టు దాటేయడానికి వీల్లేదు.

ఎలుకల్లో రెండు కిడ్నీల రక్తనాళాలనూ 45 నిమిషాలు బిగించి, 24 గంటల తర్వాత కణజాలంలో ఎండీఏ (కొవ్వు చెడినప్పుడు మిగిలే మాలోన్‌డైఆల్డిహైడ్) కొలుస్తున్నాను. ఒకే గ్రూపులో ఒక ఎలుకకూ ఇంకోదానికీ మూడింతల తేడా. కోత కోసి బిగింపు మాత్రం వేయని షామ్ గ్రూపులోనూ ఎక్కువే వస్తోంది. తప్పెక్కడ?
*ఒక పరిశోధక విద్యార్థి, తిరుపతి*

ఎలుకల మధ్య తేడాకు మేము మొదట అనుమానించేది మత్తులో ఉన్న ఎలుక ఒంటి వేడిని. మత్తు ఎక్కాక ఎలుక తన వేడిని నిలుపుకోలేదు, ఏసీ గదిలో పావుగంటకే 33, 34 డిగ్రీలకు దిగిపోతుంది. ఆ వేడిలో 45 నిమిషాల బిగింపూ, 37లో 45 నిమిషాల బిగింపూ ఒకటి కావు. చలి కిడ్నీని కాపాడేస్తుంది. రెక్టల్ ప్రోబుతో నడిచే హీటింగ్ ప్యాడ్ వాడి 36.5, 37.5 మధ్య పట్టి ఉంచండి, ప్రతి ఐదు నిమిషాలకూ రాసిపెట్టుకోండి. ప్యాడ్ సరిగా వేడెక్కకముందే చేసిన పొద్దుటి ఎలుకలకూ మధ్యాహ్నం ఎలుకలకూ తేడా వస్తోందేమో మీ నోటుబుక్కులో చూడండి. తర్వాత బిగింపు. నిమిషం లోపు కిడ్నీ ఎరుపు నుంచి ముదురు ఊదా రంగుకు మారాలి, తీయగానే మళ్లీ గులాబీ రంగులోకి రావాలి. రాకపోతే ఆ ఎలుకను లెక్కలోంచి తీసేస్తామని ప్రయోగానికి ముందే రాసుకోవాలి. ఫలితం చూశాక తీసేయడం కుదరదు.

షామ్‌లో ఎక్కువ రావడం సాధారణంగా ట్యూబులో జరిగే తప్పు. కణజాలంలో రక్తం మిగిలితే దాని ఎరుపు పదార్థమైన హీమ్‌లోని ఇనుమే కొవ్వును చెడగొడుతుంది. కిడ్నీ పాలిపోయే వరకు హెపారిన్ కలిపిన చల్లటి సెలైన్‌తో కడిగి, ముక్కలు చేసి వెంటనే లిక్విడ్ నైట్రోజన్‌లో ముంచి, మైనస్ 80లో దాచండి. ఒకసారి కరిగిన ముక్కను మళ్లీ గడ్డకట్టించకండి. కరెంటు పోయి ఫ్రీజర్ ఎంతకు ఎక్కిందో లాగ్‌లో ఉండాలి. 1.15 శాతం పొటాషియం క్లోరైడ్‌లో 10 శాతం హోమోజినేట్‌ను ఐసు మీదే చేయండి. థయోబార్బిట్యూరిక్ ఆమ్లంతో 95 డిగ్రీల్లో గంటసేపు కాచే ముందు కొవ్వు చెడకుండా ఆపే బీహెచ్‌టీ కలిపారా? కలపకపోతే ఆ గంటలో కొత్తగా చెడిన కొవ్వునే మీరు కొలుస్తున్నట్టు. చల్లార్చి, సెంట్రిఫ్యూజ్ చేసి 532 నానోమీటర్ల దగ్గర చదివి, మడ్డి కోసం 600 దగ్గరి రీడింగు తీసేయండి. చక్కెరలు, బిలిరుబిన్ కూడా ఆ గులాబీ రంగుకు దగ్గరి రంగులిస్తాయి. అందుకని ప్రతి నమూనాకూ రియేజెంట్ లేని బ్లాంక్ వేరుగా పెట్టాలి. స్టాండర్డ్‌కు టెట్రామిథాక్సీప్రొపేన్ సరిపోతుంది. ఫలితాన్ని మిల్లీగ్రాము ప్రొటీనుకు ఇవ్వండి.

ఇంత చేసినా ఎండీఏ ఒక్కదాని మీద థీసిస్ నిలబెట్టకండి. క్రియాటినిన్, నాళికల హిస్టాలజీ స్కోరు, గ్లూటాథయోన్ రెండు రూపాల నిష్పత్తి తోడుండాలి. స్లైడ్లు చదివేవాళ్లకు ఏది ఏ గ్రూపో తెలియకూడదు. ఇంకో మాట గట్టిగానే చెబుతున్నాం. బిగింపుకు గంట ముందు మందిచ్చి ఎలుకను కాపాడిన పేపర్లు లెక్కలేనన్ని ఉన్నాయి. ఆస్పత్రిలో దెబ్బ తగిలే గంట ముందుగా ఎవరికీ తెలియదు. బిగింపు తీశాక ఇచ్చే గ్రూపు ఒకటి తప్పక పెట్టండి.

మా అన్నకు బ్రెయిన్ డెడ్ అయిన దాత కిడ్నీ పెట్టారు. ఆరు రోజులైనా మూత్రం సరిగా రాక డయాలిసిస్ చేస్తున్నారు. కిడ్నీ పోయినట్టేనా?
*ఒక పాఠకుడు, చిత్తూరు*

పోయినట్టు కాదు. మార్పిడి జరిగిన మొదటి వారంలో డయాలిసిస్ అవసరమైతే దాన్ని డిలేయ్డ్ గ్రాఫ్ట్ ఫంక్షన్ అంటారు. పైన చంద్రగిరి ఉపాధ్యాయురాలికి చెప్పిన దెబ్బే ఇది. కిడ్నీ నాళికల లోపలి కణాలు రాలిపోయాయి, మళ్లీ మొలవాలి. చాలామందిలో రెండు మూడు వారాల్లో మూత్రం మొదలవుతుంది. ఇంట్లోవాళ్లు కిడ్నీ ఇచ్చినప్పుడు బల్ల మీదే మూత్రం రావడం, దాత చనిపోయినప్పుడు ఆలస్యం కావడం వెనక ఐసులో గడిచిన గంటలూ, మెదడు చనిపోయిన ఒంట్లో అప్పటికే రేగిన వాపూ ఉన్నాయి.

మీరు డాక్టరును అడగాల్సినవి మూడు. డాప్లర్ స్కాన్‌లో రక్తనాళాలు బాగా పారుతున్నాయా? తిరస్కరణను ఆపే మందు టాక్రోలిమస్ స్థాయి రక్తంలో ఎక్కువైందా? వారం పది రోజులకూ మార్పు లేకపోతే బయాప్సీ ఎప్పుడు? బయాప్సీ మాటకు భయపడకండి. నిద్రపోతున్న కిడ్నీకీ, శరీరం తిరస్కరిస్తున్న కిడ్నీకీ బయట నుంచి తేడా తెలియదు, రెండిటికీ వైద్యం వేరు.

ఈ ఆలస్యాన్ని తగ్గించే దారులు పెద్ద ట్రయల్స్‌లో తేలాయి. ఐసు పెట్టెకు బదులు చల్లటి ద్రావణాన్ని కిడ్నీలో ఆగకుండా పారించే యంత్రం వాడితే ఆలస్యం 26.5 శాతం నుంచి 20.8 శాతానికి తగ్గిందని 2009లో యూరప్‌లో చూపించారు. 336 మంది దాతల్లో ఒక్కొక్కరి ఒక కిడ్నీని యంత్రంలో, రెండోదాన్ని ఐసులో పెట్టి పోల్చారు కాబట్టి దాన్ని నమ్మవచ్చు. 2015లో వచ్చిన మరో ట్రయల్‌లో బ్రెయిన్ డెడ్ దాత ఒంటి వేడిని 34, 35 డిగ్రీల మధ్య ఉంచితే చాలు, ఆలస్యం 39 శాతం నుంచి 28 శాతానికి పడింది. దానికి యంత్రం కూడా అక్కర్లేదు, ఐసీయూలో ఒక థర్మామీటరు, ఒక కూలింగ్ బ్లాంకెట్. మాకు చాలా ఇష్టమైన ఫలితమిది.

అవయవాల్ని గడ్డకట్టించి ఏళ్ల తరబడి దాచలేరా?
*ఒక ఇంటర్ విద్యార్థిని, పలమనేరు*

మనిషి అవయవాన్ని ఇంకా లేదు. 2023లో మిన్నెసోటా పరిశోధకులు ఎలుక కిడ్నీని మంచు పలుకులు ఏర్పడకుండా గాజులా గట్టిపరిచి, 100 రోజులు దాచి, మళ్లీ పెట్టి పనిచేయించారు. కష్టమంతా వేడి చేయడంలో ఉంది. పైన ముందు కరిగి లోపల ఆలస్యమైతే అవయవం పగులుతుంది. వాళ్లు ఐరన్ ఆక్సైడ్ నానో రేణువుల్ని రక్తనాళాల్లో నింపి, అయస్కాంత క్షేత్రంతో అంతటా ఒకేసారి వేడెక్కించారు. మనిషి కిడ్నీ ఎలుక కిడ్నీ కంటే వంద రెట్లు పెద్దది, ముడి అక్కడ ఉంది.

మా ఆయనకు కిడ్నీ మార్చి ఎనిమిది నెలలైంది. ఆక్సిడేటివ్ స్ట్రెస్ తగ్గుతుందని షాపులో యాంటీఆక్సిడెంట్ పొడి, 1000 మిల్లీగ్రాముల విటమిన్ సి మాత్రలు ఇచ్చారు. తిప్పతీగ కషాయం కూడా మంచిదంటున్నారు. ఇవ్వచ్చా?
*ఒక పాఠకురాలు, చిత్తూరు*

ఇవ్వకండమ్మా. ఆక్సిజన్ దెబ్బ అసలు తగిలేది బిగింపు తీసిన తొలి నిమిషాల్లో, అది ఎనిమిది నెలల కిందటి మాట. ఆ నిమిషాల్లోనే మందిచ్చి చూసిన ట్రయల్స్ ఉన్నాయి. మ్యూనిక్‌లో ఆపరేషన్ సమయంలో సూపరాక్సైడ్‌ను తొలగించే ఎంజైము సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్‌ను 200 మిల్లీగ్రాములు ఎక్కిస్తే తొలి తిరస్కరణ 33.3 శాతం నుంచి 18.5కి తగ్గిందని 1994లో ప్రచురించారు. అంత ఆశ పుట్టించినా అది మామూలు వైద్యంలోకి రాలేదు. షాపు పొడి చేయగలిగిందేమీ ఉండదు.

పైగా నష్టాలున్నాయి. ఎక్కువ మోతాదు విటమిన్ సి ఒంట్లో ఆక్సలేట్‌గా మారి, కొత్తగా పెట్టిన కిడ్నీ నాళికల్లో పలుకులుగా పేరుకోగలదు. తిప్పతీగ రోగనిరోధక శక్తిని లేపుతుందనే కదా తాగమంటున్నారు? మీ ఆయన వేసుకునే మాత్రలన్నీ దాన్ని పడుకోబెట్టడానికే. పంపర పనస, గ్రేప్‌ఫ్రూట్ కూడా వద్దు. అవి పేగులోని ఎంజైమును అడ్డుకొని టాక్రోలిమస్ రక్తంలో పెరిగేలా చేస్తాయి, చేతులు వణకడం, క్రియాటినిన్ పెరగడం దాని గుర్తులు. ఫంగస్ మందు ఫ్లూకోనజోల్, యాంటీబయాటిక్ క్లారిత్రోమైసిన్ అదే పని చేస్తాయి, టీబీ మందు రిఫాంపిసిన్ దానికి ఎదురు. విరేచనాలు పట్టుకున్నా టాక్రోలిమస్ పెరుగుతుంది కాబట్టి ఆ రోజే ఫోన్ చేయండి. ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్ కొనుక్కోవద్దు.

టాక్రోలిమస్ పొద్దున ఎనిమిదికి వేస్తే రాత్రి ఎనిమిదికే. రక్తపరీక్ష ఉన్న రోజు ముందు రాత్రి మాత్ర వేసిన టైము ఒక చీటీ మీద రాసివ్వండి. పొద్దుటి మాత్ర ఇంట్లో వేయకుండా డబ్బాలో పెట్టి జేబులో పంపండి. రక్తం ఇచ్చిన వెంటనే అక్కడే మంచినీళ్లతో వేసుకోమనండి. మాత్ర వేసుకొని వెళ్తే రిపోర్టులో అంకె ఎక్కువ వస్తుంది, దాన్ని చూసి డోసు తగ్గిస్తే ఆ కిడ్నీకి ప్రమాదం.