మునిగిన ఊరికి చరిత్ర దేనికి?

ప్రశ్న: మా ఊరు వంశధార రిజర్వాయరులో మునిగిపోయింది. కాలనీలో ఉంటున్నాం. లేని ఊరికి చరిత్ర రాయడం దండగంటున్నారు మావోళ్లు. మీరేమంటారు?
– ఒక పాఠకుడు, హిరమండలం

జవాబు: తప్పకుండా రాయండి బాబూ. బ్రిటన్‌లోని వేల్స్‌లో కాపెల్ కెలిన్ అనే పల్లె ఉండేది. లివర్‌పూల్ నగరానికి నీళ్ల కోసం 1957లో చట్టం చేసి, 1965కల్లా ఆ లోయను ముంచేశారు. బడి, పోస్టాఫీసు, ప్రార్థనామందిరం, పొలాలు అన్నీ పోయాయి. కొన్ని సమాధులనే తరలించారు, మిగిలినవి నీటి కిందే ఉండిపోయాయి. ఆ సంగతి చదివి నాకు రాత్రి నిద్ర పట్టలేదు. పాత మందిరం రాళ్లతో గట్టు మీద స్మారకం కట్టుకున్నారు. 2005లో లివర్‌పూల్ నగరపాలక సంస్థ క్షమాపణ చెప్పింది. 40 ఏళ్లకు! జనం మరిచిపోలేదు కాబట్టే చెప్పిందని నా నమ్మకం.

అక్కడ బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు చర్చి రిజిస్టర్లలో రాయడం 1538లోనే మొదలైంది. మనకు అడంగళ్లు, సర్వే పటం, బడి అడ్మిషన్ రిజిస్టరు ఉన్నాయి. కానీ వాటికంటే ముందు మీ ముసలమ్మలను కూర్చోబెట్టి అడగండి: అమ్మవారి గుడి ఎటువైపు, కళ్లాలెక్కడ, గెడ్డ ఎక్కడ దాటేవారు, ఏ వీధిలో ఏ ఇంటిపేరువాళ్లు. వాళ్లు చెబుతుంటే పెద్ద కాగితం మీద ఊరి పటం గీయండి.