లాంగ్ రన్ ముందా, నిద్ర ముందా?

ప్రశ్న: నాకు 38 ఏళ్లు, బరువు 60 కిలోలు. అనంతపురంలో బ్యాంకు ఉద్యోగం. పెద్దమ్మాయి ఐదో తరగతి, చిన్నోడు యూకేజీ. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో ఫుల్‌కు (42.195 కి.మీ.) పేరిచ్చాను. ఇంటర్నెట్‌లో దొరికిన 16 వారాల ప్లాన్ పట్టుకుని వారానికి ఐదు రోజులు, 55 కి.మీ. దాకా పరుగెడుతున్నా. పది వారాలు అయిపోయాయి. రాత్రి వంటిల్లు సర్ది పడుకునేసరికి పదకొండు, తెల్లారి నాలుగుకు లేస్తా. కాఫీ తాగి పీటీసీ గ్రౌండ్‌కు పోతా. వచ్చి క్యారియర్లు కట్టి, పిల్లల్ని పంపి, నేను రెండిడ్లీలు తినేసరికి తొమ్మిదిన్నర. మొదట్లో హుషారుగా ఉండేది, 10 కి.మీ. 65 నిమిషాల్లో పూర్తి చేశా. ఇప్పుడు రోజువారీ 6:40 పేస్ (కి.మీ.కు 6 నిమిషాల 40 సెకన్లు) పట్టుకోవడానికే ప్రాణం పోతోంది. పోయిన ఆదివారం లాంగ్ రన్ (వారానికోసారి చేసే ఎక్కువ దూరం పరుగు) 26 కి.మీ.లో చివరి ఆరు నడిచాను. లేవగానే 58 ఉండే పల్స్ 67కు వచ్చింది. జలుబు పోయినట్టే పోయి మళ్లీ వస్తోంది. నెలసరిలో రక్తం ఎక్కువ పోతోంది. కౌంటర్లో కస్టమర్ రెండోసారి అడిగితే విసుక్కుంటున్నా, ఇంటికొచ్చి పిల్లల మీద అరుస్తున్నా. బలం రావడానికి ఏం తినాలి? ప్లాన్ ఎలా పూర్తి చేయాలి? ఆపేస్తే ఇన్నాళ్ల కష్టం వృథా అవుతుందని భయం.
*ఒక సోదరి, అనంతపురం*

జవాబు: అమ్మా, ప్లాన్ సంగతి తర్వాత. రేపటి నుంచి పది రోజులు పరుగు ఆపండి. పది వారాల్లో పెరిగిన దమ్ము పది రోజుల్లో ఎక్కడికీ పోదు. కాస్త తగ్గినా మళ్లీ మొదలుపెట్టాక తొందరగానే తిరిగొస్తుంది. ఇలాగే లాక్కుపోతే మాత్రం కాలి ఎముకలో సన్నటి పగులో, నెలల తరబడి వదలని నీరసమో వస్తుంది. అప్పుడు నిజంగానే కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరవుతుంది.

మీరు రాసినవాటిలో అన్నిటికంటే ఆందోళన కలిగించేది పదకొండు నుంచి నాలుగు దాకా పడుకోవడం. ఐదు గంటలు. పరుగులో కండరం అలుస్తుంది, సన్నగా దెబ్బతింటుంది. అది బాగుపడి మునుపటికంటే గట్టిపడేది తిన్నాక, పడుకున్నాక. మీరు దెబ్బతీసే పని వారానికి ఐదుసార్లు చేస్తున్నారు, బాగుచేసే పనికి టైమివ్వడం లేదు. పైగా శరీరానికి బ్యాంకు పని వేరు, పిల్లల హోంవర్కు వేరు, లాంగ్ రన్ వేరు అని తెలియదు. అన్ని ఖర్చులూ ఒకే ఖాతాలో రాసుకుంటుంది. పల్స్ తొమ్మిది పెరగడం, జలుబు వదలకపోవడం, విసుగు, చేతనైన పేసే కష్టమవడం, ఇవన్నీ ఆ ఖాతా అడుగంటిందని చెప్పే గుర్తులే. ఇందులో మీ పట్టుదలకు వంక పెట్టాల్సిందేమీ లేదు.

రెండోది పేస్. 10 కి.మీ. 65 నిమిషాల్లో పరుగెత్తే మనిషికి ఫుల్ మారథాన్ ఇంచుమించు 5 గంటలు పడుతుంది. 42.195 కి.మీ.కు 5 గంటలంటే కి.మీ.కు 7 నిమిషాల 7 సెకన్లు. మీరు రోజూ 6:40తో పోతున్నారు. అంటే రేసులో పరుగెత్తాల్సినదానికంటే జోరుగా, అదీ నిద్ర చాలని ఒంటితో, వారానికి ఐదుసార్లు. సొంతంగా ప్లాన్ పట్టుకున్నవాళ్లలో చాలామంది ఇక్కడే చిక్కుకుంటారు. తేలిక పరుగు మరీ తేలిక కాదు, గట్టి పరుగు అంత గట్టిగా ఉండదు, అన్నీ మధ్యరకంగా సాగి అలసట మాత్రం పేరుకుంటుంది. మీ తేలిక పరుగు 7:45 నుంచి 8:15 మధ్య ఉండాలి. పక్కనున్నవాళ్లతో ఆయాసం లేకుండా పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి. నాలుగు మాటలకే ఊపిరి తీసుకోవాల్సి వస్తే నెమ్మదించండి.

ఇక తిండి. పరుగుకు ఖర్చయ్యేది కిలో బరువుకు, కి.మీ.కు దాదాపు ఒక కేలరీ. 60 కిలోలకు 55 కి.మీ. అంటే వారానికి 3,300 కేలరీలు. ఇది మామూలు తిండికి అదనంగా పడాలి. మీరు నాలుగింటికి కాఫీతో మొదలుపెట్టి తొమ్మిదిన్నర దాకా ఖాళీ కడుపుతో ఉంటున్నారు. బయల్దేరే ముందు ఒక అరటిపండో, నాలుగు ఖర్జూరాలో తినండి. తిరిగొచ్చిన అరగంటలో, క్యారియర్లు కట్టడానికి ముందే, పెద్ద గ్లాసు పాలలో కలిపిన రాగి మాల్ట్, రెండు ఉడికించిన గుడ్లు. గుడ్డు తినకపోతే గుప్పెడు వేయించిన చెనక్కాయ గింజలు, కాస్త బెల్లం. రాత్రే గుడ్లు ఉడికించి పెట్టుకుంటే పొద్దున ఐదు నిమిషాల పని. మన ఉగ్గాణి మంచిదే, కానీ బొరుగుల్లో మాంసకృత్తులు తక్కువ. ఉగ్గాణి రోజున పప్పుల పొడి దండిగా వేసి, పక్కన గుడ్డో పెరుగో పెట్టుకోండి. రోజంతటికీ మీ బరువుకు 75 నుంచి 90 గ్రాముల మాంసకృత్తులు కావాలి. గుడ్డులో 6 గ్రాములు, గ్లాసు పాలలో 8, గుప్పెడు చెనక్కాయ గింజల్లో 7 వస్తాయి. సంగటి, పప్పు, పెరుగు సరిగా తింటే మిగతాది అక్కడ సర్దుకుంటుంది. పౌడర్ డబ్బాలు అక్కర్లేదు.

పరుగు మళ్లీ మొదలుపెట్టే ముందు రక్త పరీక్షలు చేయించాల్సిందే. హీమోగ్లోబిన్‌తో పాటు ఫెరిటిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), విటమిన్ బీ12 రాయించుకోండి. ఆడవాళ్లలో హీమోగ్లోబిన్ 12 దిగితే రక్తహీనత అంటారు. అది 12.5 ఉన్నా ఒంట్లో ఇనుము నిల్వలు ఖాళీగా ఉండొచ్చు, ఆ నిల్వల్ని చూపేది ఫెరిటిన్. నెలసరిలో రక్తం ఎక్కువ పోయే మీలాంటివాళ్లు దీన్ని వదిలేయకూడదు. జలుబు, జ్వరం ఉన్నప్పుడు ఫెరిటిన్ ఉన్నదానికంటే ఎక్కువ కనబడుతుంది కాబట్టి జలుబు పూర్తిగా తగ్గాక రక్తం ఇవ్వండి. రిపోర్టు చూడకుండా ఐరన్ మాత్రలు మింగొద్దు. భోజనానికి గంట ముందూ గంట తర్వాతా కాఫీ, టీ మానేసి, పప్పులో ఆకుకూరలో నిమ్మకాయ పిండుకుంటే తిండిలోని ఇనుము బాగా ఒంటబడుతుంది. రక్తం ఎందుకు ఎక్కువ పోతోందో గైనకాలజిస్టుకు చూపించండి. దానికి కారణం పరుగే అనుకుని ఊరుకోవద్దు. ఇందుకు పూర్తి విరుద్ధంగా, పరుగు పెంచాక మూడు నెలలు నెలసరే రాకపోతే అదీ ప్రమాదమే. ఖర్చుకు తగ్గ తిండి పడక ఎముకలు పలచబడుతున్నాయేమో చూడాలి.

పది రోజులూ ఏడున్నర గంటలు పడుకోండి. కావాలంటే సాయంత్రం అరగంట నడవండి, వాచీ తీసేసి. పొద్దున మంచం దిగకముందే నిమిషం పాటు పల్స్ లెక్కపెట్టి కాగితం మీద రాయండి. 60 దగ్గరికి దిగి మూడు రోజులు నిలబడితే, జలుబు పోతే, పరుగు మొదలుపెట్టండి. దిగకపోతే ఇంకో వారం ఆగండి.

మొదటి వారం మూడు రోజులు, 30 నిమిషాల చొప్పున తేలిక పరుగు. ఆ తర్వాత కూడా మూడు రోజులే. మంగళవారం 40 నిమిషాలు తేలిక. గురువారం 45 నిమిషాలు, అందులో నాలుగు నిమిషాల జోరు పరుగు నాలుగుసార్లు, మధ్యలో రెండేసి నిమిషాలు నెమ్మది. ఆదివారం లాంగ్ రన్. పరుగు లేని రోజుల్లో రెండు రోజులు ఇంట్లోనే 20 నిమిషాలు స్క్వాట్లు, మెట్టు అంచున నిలబడి మడమలు ఎత్తడం దించడం, బ్రిడ్జ్ (వెల్లకిలా పడుకుని నడుం పైకెత్తడం), ప్లాంక్ (మోచేతులు, కాలివేళ్ల మీద ఒళ్లు తిన్నగా నిలపడం) చేయండి. ముందు రాత్రి ఆరు గంటలకంటే తక్కువ నిద్రపోతే మర్నాటి పరుగు రద్దు. దాన్ని ఇంకో రోజుకు జరపొద్దు, వదిలేయండి. వదిలేసినవి పోగేసి ఆదివారం తీర్చుకోబోయి పిక్క, మోకాలు పట్టేయించుకున్నవాళ్లు ఎందరో.

అనంతపురంలో ఈ నెలల్లో ఆషాఢపు గాలి మొహాన కొడుతుంది. ఎదురుగాలిలో వాచీ చెప్పే పేస్ కోసం పోరాడొద్దు, ఊపిరిని బట్టి పోండి. గ్రౌండ్ వదిలి రోడ్డు మీదకు వెళ్తే, పోయేటప్పుడు గాలికి ఎదురు, వచ్చేటప్పుడు గాలివాటం ఉండేలా దారి ఎంచుకోండి. చీకట్లో 44వ నంబరు హైవే మీదకు మాత్రం వద్దు.

రేసు విషయం సూటిగా చెప్తున్నాం. మీకు మిగిలింది ఆరు వారాలు. అందులో రెండున్నర కోలుకోవడానికే పోతాయి. ఈసారి ఫుల్ వద్దు. హైదరాబాద్‌లో ఆగస్టు ఉక్కపోత, ఫ్లైఓవర్ల ఎత్తులు అలసిన ఒంటిని ఇంకా పిండేస్తాయి. నిర్వాహకులు దూరం మార్చుకోనిస్తే హాఫ్‌కు (సగం దూరం, 21.1 కి.మీ.) మార్చుకోండి, గడువు ఎప్పటిదాకా ఉందో ఇవాళే చూడండి. ఆదివారాల్లో ఒకసారి 12, మరోసారి 15, రేసు ముందు వారం 8 కి.మీ. చాలు. మీకిప్పటికే 26 పరుగెత్తిన కాళ్లున్నాయి. 21.1 కి.మీ.ను రెండుంపావు గంటల్లో ముగించాలని చూడకండి, రెండున్నర నుంచి 2:40 లక్ష్యంగా నింపాదిగా పోండి. గంటకు ఒక అరటిపండంత తిండి, దాహానికి తగ్గట్టు ఓఆర్‌ఎస్. ఆ ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లే కలపాలి, చిక్కగా కలిపితే కడుపు తిప్పుతుంది. ఫుల్‌ను చలికాలపు రేసుకు పెట్టుకోండి, దానికి 20 వారాలు తీసుకోండి.

పదకొండింటి పడక తొమ్మిదిన్నరకు రావాలంటే రాత్రి గంటన్నర పని ఇంకెవరో చేయాలి. ఉత్తరంలో మీ ఆయన ఊసు రాయలేదు. గిన్నెలు, హోంవర్కు, పొద్దుటి క్యారియర్లు, ఆదివారం టిఫిన్, ఈ నాలుగింటి ఎదుటా పేర్లు రాసిన కాగితం వంటింట్లో అంటించండి. నాలుగూ మీ పేరు మీదే ఉంటే మారథాన్‌కు శిక్షణ సాధ్యం కాదు. ఇది మొహమాటం లేకుండా మాట్లాడాల్సిన విషయం.

ఇంకొకటి. విసుగంతా పరుగు వల్లనే కాకపోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వర్గీకరణలో బర్నౌట్‌ను ఉద్యోగపు ఒత్తిడి దీర్ఘకాలం తీరక వచ్చే స్థితిగా పేర్కొంది. ఒంట్లో సత్తువ లేకపోవడం, పని మీద మనసు విరిగిపోవడం, ఏమీ సరిగా చేయలేకపోతున్నామనిపించడం దాని గుర్తులు. పది రోజుల నిద్ర తర్వాత ఒళ్లు తేలికై, పిల్లలతో నవ్వగలిగి, బ్రాంచి గుమ్మం దగ్గర మాత్రం మళ్లీ గుండె బరువెక్కితే సమస్య అక్కడుంది. దానికి సెలవు, సీటు మార్పు అడగాలి, పరుగు పెంచితే తీరదు. దేని మీదా ఆసక్తి లేకుండా రెండు వారాలు గడిచినా, బతకాలనిపించకపోయినా, ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుల్ని కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు.

ప్రశ్న: కర్నూలులో స్టాఫ్ నర్సుని. నెలలో కొన్ని రోజులు నైట్ డ్యూటీ. హాఫ్ కోసం తయారవుతున్నా. డ్యూటీ దిగి అటే గ్రౌండ్‌కు పోవచ్చా?
*ఓ పాఠకురాలు, కర్నూలు*

జవాబు: వద్దు. రాత్రంతా మేలుకున్నాక అడుగు తడబడుతుంది, చీలమండ మెలిక పడేది అప్పుడే. రోడ్డు మీద బండ్లను అంచనా వేయడమూ తప్పుతుంది. ఇంటికొచ్చి ఏదైనా తిని, గది చీకటి చేసుకుని పడుకోండి. సాయంత్రం లేచాక, డ్యూటీకి రెండు మూడు గంటల ముందు 30 నిమిషాల తేలిక పరుగు చాలు. వేసవిలో ఆ వేళకు కర్నూలు రోడ్లు ఇంకా సెగలు కక్కుతుంటాయి, ఆ నెలల్లో నైట్ వారాల్లో ఇంట్లో వ్యాయామంతో సరిపెట్టుకోండి. లాంగ్ రన్, జోరు పరుగు రెండు రాత్రులు వరసగా బాగా పడుకున్నాకే. ప్లాన్‌ను వారాల లెక్కన కాకుండా మీ డ్యూటీ చార్టు పక్కన పెట్టుకుని రాసుకోండి.

ప్రశ్న: రెండో కాన్పు అయి ఏడాదిన్నర. స్కూల్ టీచర్‌ని. పరుగెత్తినా, దగ్గినా మూత్రం చుక్కలు పడుతున్నాయి. సిగ్గుతో నీళ్లు తాగడం మానేసి పరుగెడుతున్నా.
*పేరు వద్దు, కడప*

జవాబు: కాన్పుల తర్వాత చాలామందికి ఉండే ఇబ్బంది ఇది, నయమయ్యేది కూడా. నీళ్లు మానొద్దు. మూత్రం చిక్కబడి మంట, ఇన్ఫెక్షన్ వస్తాయి, కడప ఎండకు వడదెబ్బ అదనం. కటి కండరాల వ్యాయామం చేయండి. గ్యాస్ ఆపుకుంటున్నట్టు మలద్వారం నుంచి ముందుదాకా బిగించి లోపలికి, పైకి లాగి, 8 నుంచి 10 సెకన్లు పట్టి, అంతసేపూ వదలాలి. ఇలా పదిసార్లు, రోజుకు మూడు దఫాలు. మొదట్లో మూడు సెకన్లే పట్టగలిగినా పర్వాలేదు. ఊపిరి బిగబట్టడం, పిరుదులు, తొడలు బిగించడం తప్పు, అలా చేస్తే అసలు కండరం పనిచేయదు. మూత్రం పోస్తూ మధ్యలో ఆపి సాధన చేయొద్దు. దగ్గు, తుమ్ము వచ్చే ముందు ఒకసారి బిగించడం అలవాటు చేసుకోండి. ఫలితానికి మూడు నెలలు పడుతుంది. ఈలోగా పరుగును నడకతో కలపండి, రెండు నిమిషాలు పరుగు, రెండు నిమిషాలు నడక. మలబద్ధకం ఉంటే ముందు అది తగ్గించుకోండి, ముక్కడం వల్ల ఆ కండరాలు ఇంకా సాగుతాయి. కింద బరువుగా, ఏదో జారుతున్నట్టు ఉంటే, మూత్రంలో మంట, రక్తం ఉంటే పరుగు ఆపి గైనకాలజిస్టును కలవండి. మూడు నెలల తర్వాతా తగ్గకపోతే ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లి, మీరు బిగిస్తున్నది సరైన కండరమేనా అని పరీక్ష చేయించుకోండి.