రింగు రోడ్డు, రైతు పొలం, బండ్ల బాట: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: హైదరాబాద్ చుట్టూ ఔటర్ రింగు రోడ్డు ఉండగా మళ్లీ రీజినల్ రింగు రోడ్డు ఎందుకు? మా నాలుగెకరాల మధ్యలోంచే అది పోతుందని ఊళ్లో అంటున్నారు. బోరు ఒక పక్క, వరి మడి మరో పక్క అవుతాయి. మేము చేయగలిగింది ఏమైనా ఉందా?
– ఒక రైతు, ఆమనగల్ ప్రాంతం

జవాబు: అయ్యా, మీ రెండో ప్రశ్నకు గడువు ఉంది కనుక ముందు దానికే జవాబు చెబుతాను. జాతీయ రహదారుల చట్టం, 1956 ప్రకారం ఫలానా సర్వే నంబర్లలో భూమి తీసుకోదలచామని ప్రభుత్వం 3ఎ సెక్షన్ కింద నోటిఫికేషన్ ఇస్తుంది. దాని సారాంశాన్ని రెండు స్థానిక పత్రికల్లో ప్రకటించాలి, వాటిలో ఒకటి స్థానిక భాషా పత్రిక అయి ఉండాలి. నోటిఫికేషన్ వెలువడిన నాటి నుంచి 21 రోజుల్లోగా మీరు రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వవచ్చు, స్వయంగా గానీ న్యాయవాది ద్వారా గానీ మీ మాట వినిపించుకోవచ్చు. తర్వాత 3డి ప్రకటన వెలువడితే భూమి కేంద్ర ప్రభుత్వపరం అవుతుంది, ఆపైన మిగిలేది పరిహారం గురించిన వాదన మాత్రమే.

ఊరంతా కలిసి ‘మాకు రోడ్డు వద్దు’ అని సంతకాలు పెట్టిన అర్జీ కంటే, మీ సర్వే నంబరు, విస్తీర్ణం, బోరు ఉన్న చోటు, పైపులైను పోయే దారి, పొలానికి వెళ్లే బండ్ల బాట రోడ్డును ఎక్కడ దాటుతుందో గీసి చూపిన ఒక్క కాగితం ఎక్కువ పని చేస్తుందని నా నమ్మకం. అండర్‌పాస్ ఫలానా చోట కావాలని, వరికోత యంత్రం పట్టేంత ఎత్తు, వెడల్పు ఉండాలని, వాన నీళ్లు నిలవకుండా బయటికి పోయే ఏర్పాటు ఉండాలని స్పష్టంగా అడగండి. అండర్‌పాస్ కిలోమీటరు దూరంలో పడితే అవతలి పక్క ఉన్న మడికి మోటారు వేయడానికి మీరు రోజూ కిలోమీటరు పోయి, అటు నుంచి మళ్లీ కిలోమీటరు వెనక్కి రావాలి. మ్యాపు మీద సన్నగా కనిపించే గీత పొలంలో దిగేసరికి ఇలా మారుతుంది. అందుకే ఆ గీత ఇంకా కాగితం మీద ఉన్నప్పుడే మాట్లాడాలి.

పరిహారం విషయంలో 2013 భూసేకరణ చట్టంలోని నిబంధనలు 2015 జనవరి 1 నుంచి జాతీయ రహదారులకూ వర్తిస్తున్నాయి. మార్కెట్ విలువ మీద అంతే మొత్తం సొలేషియం, అంటే భూమిని బలవంతంగా తీసుకుంటున్నందుకు ఇచ్చే అదనపు సొమ్ము, వస్తుంది, బోరు, బావి, చెట్లకు విడిగా లెక్క కడతారు. రహదారుల చట్టంలోని 3జి సెక్షన్ ప్రకారం, తీసుకున్న ముక్క వల్ల మిగిలిన భూమి విడిపోయి కలిగే నష్టాన్ని కూడా పరిహారంలో లెక్కించాలి. మీ బోరు ఒక పక్క, మడి మరో పక్క కావడం సరిగ్గా ఈ నష్టమే, కనుక దీన్ని తప్పకుండా రాసి అడగండి. నిర్ణయించిన మొత్తం సమ్మతం కాకపోతే ఆర్బిట్రేటర్ (వివాదం తేల్చే మధ్యవర్తి) దగ్గరికి వెళ్లవచ్చు.

ఇక మీ మొదటి ప్రశ్న. ఔటర్‌లో గచ్చిబౌలి–శంషాబాద్ భాగం 2008లో తెరుచుకుంది, 158 కిలోమీటర్ల వలయం పూర్తయింది 2018లో. ఈ పదేళ్లలోనే నగరం పెరిగి పలు చోట్ల ఆ రోడ్డును తాకింది, కొన్ని చోట్ల దాటింది. ఇప్పుడు ముంబయి వైపు నుంచి విజయవాడ వైపు పోయే లారీ కూడా రోజూ ఆఫీసులకు పోయే కార్ల మధ్యనే నడవాలి. సంగారెడ్డి, తూప్రాన్, గజ్వేల్, భువనగిరి, చౌటుప్పల్, ఇటు ఆమనగల్, షాద్‌నగర్‌లను కలిపే బయటి వలయం, అంటే రీజినల్ రింగు రోడ్డు, ఉంటే ఆ లారీ నగరం దగ్గరికి రానక్కర్లేదు. వంద మీటర్ల వెడల్పు చొప్పున చూసినా కిలోమీటరుకు దాదాపు 25 ఎకరాలు పోతాయి కాబట్టి ఇది చిన్న త్యాగం కాదు. అయినా ఇళ్లు లేవకముందే దారికి చోటు గుర్తించడం మేలని, ఆలస్యమైతే ఇదే రోడ్డు పొలాలకు బదులు ఇళ్ల మీదుగా పోవాల్సి వస్తుందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ప్రశ్న: ‘రింగు రోడ్డు ఫేసింగ్’ అని చెప్పి ప్లాటు అమ్ముతున్నారు. కొనవచ్చా?
– ఒక ఉపాధ్యాయురాలు, షాద్‌నగర్

జవాబు: అమ్మా, ఇలాంటి రోడ్డు మీదికి ఎక్కడ పడితే అక్కడ ఎక్కడానికి వీలుండదు, ఇంటర్‌చేంజ్ దగ్గర మాత్రమే ఎక్కాలి, దిగాలి. గేటు ముందు రోడ్డు కనిపిస్తున్నా దాని మీదికి వెళ్లడానికి ఏడెనిమిది కిలోమీటర్లు చుట్టి రావాల్సిన ప్లాట్లు ఉంటాయి. ఇంటర్‌చేంజ్ ఎంత దూరమో, సర్వీసు రోడ్డు ఉంటుందో లేదో, లేఅవుట్‌కు అనుమతి ఉందో, ఆ సర్వే నంబరు భూసేకరణ నోటిఫికేషన్‌లో ఉందో చూడండి. ఈ నాలుగింటికీ కాగితం చూపించలేని వారికి అడ్వాన్సు ఇవ్వకండి.

ప్రశ్న: మా బెంగళూరులో పెరిఫెరల్ రింగు రోడ్డు మాట ఏళ్ల తరబడి వింటున్నాం. మీ దగ్గరా అలాగే అవుతుందా?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: మీ భయం సబబే. అక్కడ 2000ల దశకం మధ్యలోనే భూసేకరణ నోటిఫికేషన్లు వెలువడినా పరిహారం మీద వివాదాలతో పని ముందుకు సాగలేదు. నోటిఫికేషన్‌లో పడిన భూమిని రైతు అమ్ముకోలేడు, దాని మీద ఇల్లు కట్టుకోలేడు, డబ్బూ చేతికి రాదు. ఈలోగా చుట్టూ ధరలు పెరిగి ప్రభుత్వానికీ భారం తడిసి మోపెడవుతుంది. జాతీయ రహదారుల చట్టంలో 3ఎ తర్వాత ఏడాదిలోగా 3డి ప్రకటన రాకపోతే పాత నోటిఫికేషన్ చెల్లదు కనుక ఇక్కడి రైతుకు కొంత రక్షణ ఉంది.

నా దిగులు మరొకటి. ఔటర్ మీద పొద్దున్నే ఏ ఎగ్జిట్ దగ్గర చూసినా సంచులు పట్టుకుని, నీడ లేని చోట నిలబడి, షేర్ ఆటో కోసమో బస్సు కోసమో ఎదురుచూసే కూలీలు, విద్యార్థులు కనిపిస్తారు. కార్లకు ఎనిమిది వరుసలు వేసిన చోట వాళ్లకు ఒక షెల్టర్ అయినా లేదు. కొత్త వలయంలో ప్రతి ఇంటర్‌చేంజ్ దగ్గర బస్సు ఆగే చోటు, సమీప పట్టణానికి పోయే లింకు రోడ్డు మొదటి డ్రాయింగులోనే ఉండాలి, రైలు మార్గానికి స్థలం కూడా భూసేకరణ సమయంలోనే తీసి పెట్టాలి. పదేళ్ల తర్వాత ఆ స్థలం కొనాలంటే ఏ ప్రభుత్వానికీ చేతకాని పని అవుతుంది.