గండిపేట దాటాక మట్టిబాటలు: మేనకోడలికి ఒక ఉత్తరం

చిరంజీవి కీర్తనకు మామయ్య ఆశీస్సులు.

కొత్త సైకిలు కొన్నావని, తారు రోడ్డు దిగి మట్టిబాటల్లో తొక్కాలని, పరుగెత్తాలని ఉందని రాశావు. చదివి ఎంత సంతోషించానో చెప్పలేను. హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్ నీకు దగ్గరే. దమ్ము పెరగడానికి అది చాలా మంచిది. కానీ అక్కడ నేల మొదటి నుంచి చివరిదాకా ఒక్కటే. నువ్వు కోరుకుంటున్న బాటల్లో గంటకోసారి నేల మారుతుంది. అందుకే ఏ బాటలోనైనా ముందు పరుగెత్తు, ఆ తర్వాతే సైకిలు తొక్కు. గుంత, తెగిన కట్ట, అడ్డంగా లాగిన తీగ కాలినడకన ముందే కంటపడతాయి. సైకిలు వేగంలో అవి కనిపించేసరికి బ్రేకుకు వ్యవధి ఉండదు.

మొదట నగరానికి పడమర వైపు వెళ్లు. 1908 మూసీ వరదల తర్వాత కట్టిన గండిపేట, హిమాయత్ సాగర్ జలాశయాలను కాపాడటానికి 1996లో 111 జీవో తెచ్చారు. 84 గ్రామాల్లో నిర్మాణాలపై ఆంక్షలు పెట్టారు కాబట్టే చిలుకూరు, మొయినాబాద్ చుట్టూ ఇంత నేల మిగిలింది. 2022లో ఆ ఆంక్షలను సడలిస్తూ మరో ఉత్తర్వు వచ్చింది. వెంచర్ల హద్దురాళ్లు నాటుకుంటూ వస్తున్నారు. నిరుడు చేల మధ్య సాగిన బండ్లబాటకు ఈ ఏడు గేటు ఉండవచ్చు. ఫోనులోని ఉపగ్రహ చిత్రం ఎప్పటిదో చూసుకో. దానికంటే గొర్రెలు కాసే మనిషిని అడగడం మేలు. ఏ బాట ఎక్కడ ఆగిపోతుందో ఆయనకు తెలిసినంతగా ఏ మ్యాపుకూ తెలియదు.

దారి వెతకడానికి నాకు బాగా ఉపయోగపడిన పద్ధతి ఒకటుంది. మన ప్రాంతంలోవి గొలుసుకట్టు చెరువులు. ఒక చెరువు అలుగు దూకిన నీరు వాగుగా మారి కింది చెరువుకు చేరుతుంది. ఆ వాగు వెంట చాలాచోట్ల కాలిబాట ఉంటుంది. కట్ట మీద పరుగెత్తి, వాగు వెంట దిగి, మరో కట్ట ఎక్కితే ఊళ్ల మీదుగా వెళ్లకుండానే చాలా దూరం పోవచ్చు. అలుగు పారుతున్నప్పుడు మాత్రం నీరు మోకాలి లోతే అనిపించినా దాటవద్దు. పాకుడు పట్టిన రాతి మీద, పారే నీటిలో కాలు నిలవదు.

ఇక మట్టి సంగతి. మొరం నేల నీటిని త్వరగా వదిలేస్తుంది. వాన వెలిసిన మరుసటి ఉదయం దాని మీద పరుగెత్తడం అంత హాయి మరొకటి లేదు. చేవెళ్ల దాటి వికారాబాద్ వైపు వెళ్లేకొద్దీ నల్లరేగడి తగులుతుంది. తడిసిన రేగడి టైరుకు చుట్టుకుని చక్రాన్నే ఆపేస్తుంది. బూటు రెండింతల బరువవుతుంది. అది ఆరడానికి ఎన్ని రోజులు పడితే అన్ని రోజులు ఆగు. తడి రేగడిలో సైకిలు దింపితే నీకు అవస్థ, రైతు బాటకు గాడి. ఖాజాగూడ లాంటి గ్రానైట్ గుట్టల మీద వాన పడ్డప్పుడు అసలే వెళ్లకు. పొడిగా ఉన్నప్పుడు కూడా దిగేటప్పుడు చిన్న అడుగులు వెయ్యి.

సర్కారు తుమ్మ ముల్లు మామూలు టైరులోకి అవలీలగా దిగబడుతుంది. 40 మిల్లీమీటర్ల వెడల్పుండే టైర్లు, లోపల పంక్చరు పూడ్చే ద్రవం ఉంటే మంచిది. గాలి కాస్త తక్కువ పెట్టు, మొరం మీద పట్టు దొరుకుతుంది. ట్యూబు మార్చేముందు టైరు లోపలి భాగాన్ని గుడ్డతో తడిమి చూడు. విరిగిన ముల్లు మొన అక్కడే ఉంటే కొత్త ట్యూబు కూడా పోతుంది.

వానకాలంలో గాలి పడమర నుంచి వీస్తుంది. వెళ్లేటప్పుడు ఎదురైనా, అలసిపోయి తిరిగి వచ్చేటప్పుడు అదే నిన్ను తోస్తుంది. ఎండాకాలంలో ఎనిమిదింటికల్లా ఇంట్లో ఉండాలి. అలాగని చీకట్లో చేలగట్లు ఎక్కకు. అడవిపందుల కోసం కొందరు కంచెకు కరెంటు పెడతారు. ఈ ఒక్క విషయంలో నా మాట దాటవద్దు తల్లీ. వెలుగు వచ్చాకే చేలల్లోకి వెళ్లు. పైరు ఉన్న గట్టు తొక్కకు. రైతు ఎదురైతే దిగి పలకరించు.

కుక్కలు వెంటపడితే సైకిలు దిగి, దాన్ని మధ్యలో అడ్డంగా పెట్టుకుని నెమ్మదిగా నడువు. కరిస్తే సబ్బుతో, పారే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా వేయించుకో. చిన్న గీతే కదా అని ఊరుకోవద్దు.

మూసీ పుట్టిన అనంతగిరి కొండలకు తొందరపడకు. అక్కడి ఎక్కుళ్లకు కాళ్లు, అటవీశాఖ అనుమతి రెండూ కావాలి. ముందు ఈ చలికాలమంతా చిలుకూరు చుట్టుపక్కల తిరుగు. ఎవరితోనైనా కలిసి వెళ్లు, బయలుదేరేముందు ఎటు వెళ్తున్నావో అమ్మకు చెప్పు. నీరు రెండు లీటర్లకు తగ్గకుండా, ఉప్పు కలిపిన మజ్జిగ ఒక సీసా పెట్టుకో. సంక్రాంతికి నేను వస్తున్నాను. నువ్వు చూసిపెట్టిన బాటలో మొదటి రోజు ఇద్దరం పరుగెత్తుదాం, మర్నాడు సైకిళ్లు తీద్దాం.

మీ మామయ్య