కౌంటర్‌లో సున్నా కనిపిస్తే

తల్లీ,

ఫోటాన్ల (వెలుగు రేణువుల) మీద రహస్య తాళం పంపే క్వాంటమ్ కీ పంపిణీకి రిసీవర్ నువ్వే కడుతున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. ఆ సాయంత్రమంతా కనిపించిన ప్రతివాళ్లకీ చెప్పి మురిసిపోయాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

డిటెక్టర్లను బాగా చల్లగా ఉంచు. ఫైబర్ చివరలు తుడవకుండా బిగించకు. ఇవి నీకు తెలిసినవే.

నా భయమల్లా ఒక్కటే. నీ వయసులో నేనూ ఒక రిసీవర్ కట్టాను. ఒక్క ఫోటాన్ తగిలినా పలకాల్సిన అవలాంచ్ డయోడ్లు చీకట్లో కూడా వాటంతట అవే పలికేవి. ఆ డార్క్ కౌంట్లతో వారాల తరబడి వేగాను. ఒకరోజు పొద్దున చూస్తే రెండు కౌంటర్లలోనూ సున్నా! గోల తగ్గిందని పొంగిపోయి, లాగ్‌బుక్‌లో రాసి ఎర్ర సిరాతో గీత కూడా గీశాను. మధ్యాహ్నానికి తెలిసింది, ఫైబర్ సరిచూడటానికి ముందురోజు పెట్టిన లేజర్ ఆపనేలేదని. 1550 నానోమీటర్ల వెలుగు కంటికి కనబడదు కదా. లేజర్ ఆపి, ఆ పేజీ కొట్టేశాను. అంత వెలుగు పడుతుంటే డిటెక్టర్ ఎందుకు మూగబోయిందని మాత్రం ఆలోచించలేదు. నా తప్పు అదీ.

2010లో లిడర్సన్, మకరోవ్ పరిశోధక బృందం అమ్మకంలో ఉన్న రెండు క్వాంటమ్ కీ పరికరాలను ఇలాగే లొంగదీసింది. వెలుగు ఎక్కువైతే డయోడ్ గుండా కరెంటు పెరిగి, దాని మీద ఓల్టేజీ పడిపోతుంది. ఇక ఒక్క ఫోటాన్‌కి పలకదు, మామూలు లైట్ సెన్సర్ అయిపోతుంది. అప్పుడు దారిలో కీ కొట్టేసే దొంగ తను చదివిన బిట్‌నే బలమైన పల్స్‌గా పంపుతాడు. నీ బేసిస్, అంటే ఫోటాన్‌ను కొలవడానికి నువ్వెంచుకున్న తీరు, అతనితో కలిస్తే పల్స్ మొత్తం ఒకే డిటెక్టర్‌కి చేరి పలుకుతుంది. కలవకపోతే సగం సగమై ఏదీ పలకదు. తప్పుల శాతం పెరగదు. తప్పులు కీ పారేయాల్సిన హద్దు 11 శాతం దాటలేదు కదా అని నువ్వు నిశ్చింతగా ఉంటావు, కీ మొత్తం అతని దగ్గర ఉంటుంది.

సిద్ధాంతపరంగా దీన్ని ఎవరూ ఛేదించలేరని నాన్నతో అన్నావట. అలా అనకమ్మా, కోపం వస్తుంది నాకు. ఆ రుజువు కాగితం మీది డిటెక్టర్‌ది. నీ బల్ల మీదున్నదానికి ఒక్కొక్క డయోడ్ కరెంటూ కొలిచి రాసుకో. డార్క్ కౌంట్లు తగ్గినా సరే, ఎందుకు తగ్గాయో తేలేదాకా ముందుకెళ్లకు. సూపర్‌కండక్టింగ్ డిటెక్టర్లు కొంటే సరిపోతుందనుకోకు, వాటినీ ఇలా గుడ్డివి చెయ్యొచ్చని చూపించారు. కొలిచే పెట్టెను అసలు నమ్మనక్కర్లేకుండా చేసే పద్ధతి 2012లో హోయ్-క్వాంగ్ లో, కర్టీ, చీ అనే పరిశోధకులు ప్రతిపాదించారు. కట్టడం కష్టమే, కానీ నీకు నాకంటే ఓపికెక్కువ.

కళ్లద్దాలు లేకుండా లేజర్ దగ్గరికి వెళ్లకు. నా పాత లాగ్‌బుక్ పంపుతున్నాను, కొట్టేసిన పేజీలో చీటీ పెట్టాను. నీ డార్క్ కౌంట్లు ఎంతున్నాయో రాత్రికి ఫోన్ చేసి చెప్పు.

నీ పెదనాన్న