మామగారి ఈథర్‌తో వాదన పెట్టుకున్నాను, ఇప్పుడు మాటల్లేవు

ప్రశ్న: మా మామగారు రిటైరైన ఇంజనీరు. విశ్వమంతా ఈథర్ అనే, వెలుగును మోసే కంటికి కనపడని సూక్ష్మ పదార్థం నిండి ఉందని, ఐన్‌స్టీన్ తప్పని రోజూ ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో రాస్తారు. నేను స్కూల్లో ఫిజిక్స్ టీచర్ని. ఏ రుజువు చూపించినా ఏదో ఒక జవాబు చెప్తారు. చివరికి 'నీ స్కూలు పాఠాలకి ఇది అందదులే' అన్నారు. నేను 'ఇది చాదస్తం' అని రాసేశాను. అప్పట్నుంచి మాట్లాడట్లేదు. మా ఆయన నన్నే సారీ చెప్పమంటున్నారు. ఈమధ్య మామగారు తన బీపీ కూడా ఈథరే సరిచేస్తుందంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: సైన్స్ వరకూ మీదే రైటు. అయినా ఈ వాదన మీరు గెలవరు, ఎందుకంటే ఆయన సిద్ధాంతానికి ఓడిపోయే దారే లేదు.

మీరు పంపిన స్క్రీన్‌షాట్లు చదివాను. 1887లో మైకెల్సన్, మోర్లీ అనే శాస్త్రవేత్తలు వెతికినా ఈథర్ జాడ దొరకలేదని మీరన్నారు. ఈథర్ భూమితో పాటే కదులుతుంది కాబట్టి దొరకదని ఆయనన్నారు. అది పిచ్చిమాటేం కాదండీ, 1845లోనే స్టోక్స్ అనే శాస్త్రవేత్త చెప్పిన మాట, పరీక్షకు నిలబెట్టగలిగిన మాట కూడా. నక్షత్రాలు ఏడాది పొడవునా కాస్త అటూ ఇటూ జరిగినట్టు కనిపిస్తాయి చూడండి, ఆ అబెరేషన్‌తో పొసగక పక్కకుపోయింది. మీరు అదీ చెప్పారు. అప్పుడొచ్చింది అసలు మాట: 'సాధన ఉన్నవాళ్లకే తెలుస్తుంది, యంత్రాలకి చిక్కదు.' మీరు ఆగాల్సింది అక్కడ. సూర్యుడి పక్కనుంచి వచ్చే నక్షత్రపు వెలుగు 1.75 ఆర్క్ సెకన్లు (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్ సెకను) వంగుతుందని ఐన్‌స్టీన్ ముందే అంకె చెప్పేశాడు, 1919 గ్రహణంలో అలా వంగకపోతే ఆయన మాట పోయేది. మీ మామగారు అలాంటి అంకె ఒక్కటి కూడా చెప్పలేదు, చెప్పరు కూడా.

అందుకని గ్రూపులో ఇక జవాబివ్వకండి. ఇంట్లో, పక్కన ఎవరూ లేనప్పుడు, ఒక్కసారి అడగండి: 'మామయ్యగారూ, ఏం కనిపిస్తే ఇది తప్పని ఒప్పుకుంటారు?' ఏదైనా చెప్తే కూర్చుని వినండి, నిజంగానే. ఏదీ లేదంటే వదిలేయండి.

సారీ చెప్పండి, కానీ ఫిజిక్స్‌కి కాదు. చుట్టాలందరి ముందు చాదస్తం అన్నందుకు. స్కూలు పాఠాలన్న మాట తప్పని వాళ్ల నాన్నకి చెప్పాల్సింది మీ ఆయన, అది మీకు వదిలేసి తప్పుకుంటే కుదరదు.

బీపీ సంగతి మాత్రం వదిలేసేది కాదు. మాత్రలు మానేశారేమో ఈ వారమే చూసుకోండి, మామగారిని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లమని మీ ఆయనకే చెప్పండి. దారిలో ఐన్‌స్టీన్ ఊసెత్తొద్దని కూడా చెప్పండి. ఈథర్‌ని నమ్ముతూనే మాత్ర వేసుకుంటానంటే వేసుకోనివ్వండి.