ఎవరి మనిషి? ఒక యువ రచయిత్రికి ఉత్తరం

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. శీర్షిక బాగుంది. మొదటి పేరా మాత్రం కొట్టేసెయ్. "అమెరికా విదేశాంగ విధానాన్ని విమర్శించిన ప్రతివారి మీదా అక్కడి మీడియా పరాయి దేశపు ఏజెంటు ముద్ర వేస్తూనే ఉంది" అని మొదలుపెట్టావు. ప్రతివారి మీదా వేయలేదు. వేసినప్పుడు కూడా పత్రికలన్నీ కట్టగట్టుకుని వేయలేదు. నీ మాట నమ్మే పాఠకుడికే ఆ వాక్యం దగ్గర అనుమానం వస్తుంది. నమ్మని పాఠకుడు అక్కడితో ఆపేస్తాడు. ఫలానా పత్రిక, ఫలానా రోజున, ఫలానా మనిషిని ఈ మాట అన్నది అని రాయి. చెప్పదలచిన పెద్ద సంగతి అందులోంచే తేలుతుంది.

నేనైతే మిన్నెసోటా రాష్ట్రంలోని సెయింట్ పాల్‌లో మొదలుపెడతాను. 1917 సెప్టెంబరు 20. అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగి ఆరు నెలలు కూడా కాలేదు. విస్కాన్సిన్ సెనేటర్ రాబర్ట్ లా ఫాలెట్ అక్కడి రైతు సంఘం సభలో మాట్లాడారు. ఏప్రిల్‌లో యుద్ధ తీర్మానం వచ్చినప్పుడు సెనేట్‌లో 82 మంది ఔనన్నారు, ఆరుగురు కాదన్నారు. ఆ ఆరుగురిలో ఈయన ఒకరు. జర్మనీ వల్ల మనకు అన్యాయం జరగలేదని నేననడం లేదు, జరిగింది, తీవ్రంగానే జరిగింది, కానీ అది యుద్ధానికి దిగేంతటిదా అన్నదే ప్రశ్న. సభలో ఆయన మాటల సారం ఇది. అసోసియేటెడ్ ప్రెస్ అనే వార్తాసంస్థ దేశమంతటా పంపిన వార్తలో మాత్రం, జర్మనీ మీద మనకు ఫిర్యాదులేమీ లేవని లా ఫాలెట్ అన్నట్లు వచ్చింది.

ఇక్కడ కాసేపు ఆగు. నీ వ్యాసంలో లా ఫాలెట్‌కు ఒక్క వాక్యం కూడా పూర్తిగా దక్కలేదు. నా లెక్కలో ఈ ఉదంతమే వ్యాసానికి ప్రాణం. ఆ వార్త తర్వాత ఏం జరిగిందో వరసగా చూడు. ఆయనను సెనేట్ నుంచి బహిష్కరించాలని విజ్ఞప్తులు వచ్చిపడ్డాయి. విచారణకు కమిటీ వేశారు. జర్మన్ చక్రవర్తి కైజర్ స్వయంగా ఆయన కోటుకు పతకాలు తగిలిస్తున్నట్లు 'లైఫ్' అనే హాస్య పత్రిక బొమ్మ వేసింది. సొంత రాష్ట్రపు విశ్వవిద్యాలయంలో నాలుగు వందల మందికి పైగా అధ్యాపకులు ఆయనను ఖండిస్తూ సంతకాలు చేశారు. చదువుకున్నవాళ్ళు అమ్మా, అందరూ. అసలు ఉపన్యాసంలో ఏముందో వాళ్ళలో ఎంతమంది తెప్పించుకుని చదివి ఉంటారు? వార్తలో తప్పు దొర్లిందని అసోసియేటెడ్ ప్రెస్ ఒప్పుకున్నది 1918 మేలో. అంటే ఎనిమిది నెలల తర్వాత. యుద్ధం ముగిశాక, 1919 జనవరిలో సెనేట్ ఆయన మీది ఆరోపణలను కొట్టేసింది.

ఆ తప్పు కావాలని చేశారా, పొరపాటున జరిగిందా అన్న చర్చ జోలికి వెళ్ళకు. వెళితే నువ్వూ ఆధారం లేని మాట అనవలసి వస్తుంది. నీ పాఠకుడిని వేరే చోటికి తీసుకెళ్ళు. అంత తలకిందులైన వాక్యం అన్ని పత్రికా కార్యాలయాలు దాటుకుని ఎలా వెళ్ళింది? ఆయన అలాగే అని ఉంటారని అందరూ ముందే అనుకుంటున్నారు కాబట్టి. ముద్ర ముందే సిద్ధంగా ఉంది, దానికి సరిపడే మాట ఆ రోజు దొరికింది.

రెండో ఉదంతం నువ్వు రాసినదే, అమెరికన్ నల్లజాతి మేధావి డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్‌ది. కానీ ఆయనను నువ్వు అమరవీరుణ్ణి చేసి వదిలేశావు. ఆ కేసులో ఉన్న అసలు సరుకును పట్టించుకోలేదు. అణ్వస్త్రాలను నిషేధించాలన్న స్టాక్‌హోమ్ విజ్ఞాపన మీద అమెరికాలో సంతకాలు సేకరించిన సంస్థకు ఆయన అధ్యక్షుడు. అది సోవియట్ ప్రచారపు ఎత్తుగడ అని 1950 జులైలో విదేశాంగ మంత్రి డీన్ అచిసన్ అన్నారు, పత్రికలు అచ్చేశాయి. 1951 ఫిబ్రవరిలో, 83 ఏళ్ళు నిండబోతుండగా, విదేశీ ఏజెంటుగా నమోదు చేసుకోలేదన్న నేరం మీద ఆయనను వాషింగ్టన్ కోర్టుకు రప్పించారు. వేలిముద్రలు తీశారు, ఒళ్ళు తడిమి ఆయుధాల కోసం వెతికారు, బేడీలు వేశారు. ఇంతవరకు నువ్వు బాగానే రాశావు. కానీ నవంబరులో విచారణ మొదలయ్యాక ప్రభుత్వ న్యాయవాదులు చూపించిందేమిటి? పారిస్‌లోని శాంతి సంస్థ ఏం చెబుతున్నదో న్యూయార్క్‌లోని ఈ సంస్థా అదే చెబుతున్నది అని. న్యాయమూర్తి మాథ్యూ మెక్‌గైర్‌కు అది చాలలేదు. ఒకే మాట ఇద్దరూ అనడం వేరు, ఒకరు చెప్పమంటే మరొకరు అనడం వేరు. ఆ రెండోదానికి రుజువేదీ అని అడిగారు. లేదు. కేసును జ్యూరీ దాకా పోనివ్వకుండానే కొట్టేశారు. ఇంకో తమాషా కూడా ఉంది. ప్రాసిక్యూషన్ తరఫున సాక్ష్యం చెప్పిన ప్రముఖ న్యాయవాది ఒకాయన అప్పటికే యుగోస్లావియా ప్రభుత్వం తరఫున విదేశీ ఏజెంటుగా నమోదై ఉన్నారు.

నీ వ్యాసమంతా నిలబడవలసింది ఆ తేడా మీదే. దాన్ని పట్టుకుంటే ఎన్ని ఉదంతాలైనా తూచవచ్చు. 1967 ఏప్రిల్ 4న న్యూయార్క్‌లోని రివర్‌సైడ్ చర్చిలో మార్టిన్ లూథర్ కింగ్ వియత్నాం యుద్ధాన్ని ఖండించినప్పుడు 'లైఫ్' పత్రిక (కైజర్ బొమ్మ వేసింది కాదు, తర్వాతి కాలంలో అదే పేరుతో నడిచిన ఫొటోల వారపత్రిక) ఆ ప్రసంగం హనోయ్ రేడియోకు (అమెరికాతో పోరాడుతున్న ఉత్తర వియత్నాం రాజధాని హనోయ్) రాసిచ్చిన పాఠంలా ఉందన్నది. 'లా' ఉందట. ఎవరైనా రాసిచ్చారని అనలేదు, అనలేదు కాబట్టి రుజువు చూపే బాధ్యతా లేదు. వాషింగ్టన్ పోస్ట్ ఆయన వల్ల తన ఉద్యమానికీ దేశానికీ తన ప్రజలకూ ఇక ఉపయోగం తగ్గిపోయిందన్నది. అది కటువైన విమర్శే, కానీ పరాయి దేశపు ముద్ర కాదు. ఈ రెంటినీ నువ్వు ఒకే గాటన కట్టేశావు, విడదీయి. సంపాదకీయం ఏది, వార్త ఏది, మంత్రి మాటను ఉన్నదున్నట్లు అచ్చేసినది ఏది అన్నది కూడా చెప్పు. అన్నిటినీ కలిపి 'మీడియా' అనేయడం బద్ధకం.

ఇలాంటి రాతల్లో క్రియకు కర్త ఎవరో వెతకడం అలవాటు చేసుకో. "రష్యాకు అనుకూలమైన వాదనలు వినిపిస్తున్నారన్న విమర్శలు వస్తున్నాయి." ఎవరు విమర్శిస్తున్నారు? ఎక్కడ? 2016 నవంబరులో వాషింగ్టన్ పోస్ట్, పేర్లు బయటపెట్టుకోని ఒక బృందం తయారుచేసిన జాబితా ఆధారంగా రష్యా ప్రచారం గురించి వార్త వేసింది. ఆ జాబితాలో రెండు వందలకు పైగా వెబ్‌సైట్లు. యుద్ధాలను వ్యతిరేకించే అమెరికన్ సైట్లూ అందులో ఉన్నాయి. నిందించినవాళ్ళకు ముఖం లేదు, నింద పడ్డవాళ్ళకు మాత్రం పేరూ ఊరూ ఉన్నాయి. తర్వాతి నెలలో ఆ వార్తకు సంపాదకులు ఒక వివరణ జోడించారు, ఒక్కొక్క సైటు గురించి ఆ బృందం తేల్చినదానికి తాము పూచీ పడబోమని. అప్పటికి ఆ వార్త ఊరూవాడా తిరిగేసింది.

ఇరాక్ యుద్ధం గురించి నువ్వు రాసిన రెండు పేజీలను అర పేజీకి కుదించు. యుద్ధాన్ని ఫ్రాన్స్ వ్యతిరేకించిందన్న కోపంతో ఫ్రెంచ్ ఫ్రైస్ పేరు మార్చిన సంగతి అందరికీ తెలుసు, దాని మీద జోకులు పాతబడ్డాయి. ఒక్కటి ఉంచు. యుద్ధానికి ముందు తాము వేసిన వార్తల్లో కొన్ని తగినంత గట్టిగా పరిశీలించకుండా వేసినవేనని న్యూయార్క్ టైమ్స్ 2004 మేలో ఒప్పుకున్నది. ఆ యుద్ధాన్ని అనుమానించినవాళ్ళ దేశభక్తిని ప్రశ్నించిన కాలమిస్టుల్లో చాలామంది మాత్రం అలాంటి లెక్క అప్పజెప్పలేదు.

ఇప్పుడు నీకు నచ్చని సంగతి. నిజంగా ఏజెంట్లు ఉన్నారు. విదేశీ ఏజెంట్ల నమోదు చట్టం 1938లో వచ్చిందే నాజీ ప్రచారకుల భయంతో. జార్జ్ సిల్వెస్టర్ వీరెక్ అనే రచయిత జర్మనీ సొమ్ము తీసుకుని, యుద్ధంలో దిగవద్దని వాదించే కాంగ్రెస్ సభ్యుల ఉచిత తపాలా సౌకర్యం అడ్డం పెట్టుకుని ప్రచార సాహిత్యం పంచిపెట్టాడు, జైలుకు వెళ్ళాడు. అతన్ని నీ వ్యాసంలోకి తీసుకురా. అతను లేకపోతే నీది వకాల్తా అవుతుంది. అలాగే, 1953లో స్టాలిన్ చనిపోయినప్పుడు ఆయనను ఆకాశానికెత్తుతూ రాసింది ఈ డుబోయిసే. 1961లో కమ్యూనిస్టు పార్టీలో చేరిందీ ఆయనే. దాచకు. స్టాలిన్ విషయంలో ఆయన తప్పు. 1951 కేసులో ఆయన నిర్దోషి. రెండూ ఒకే పేరాలో రాయగలిగితే నీ కలం గట్టిపడ్డట్టే.

ఎదురుదాడి మోజులోనూ పడకు. అమెరికన్ పాత్రికేయుల్లో సుమారు యాభై మందికి సీఐఏతో సంబంధాలుండేవని 1976లో సెనేటర్ ఫ్రాంక్ చర్చ్ నాయకత్వంలోని సెనేట్ కమిటీ నివేదిక చెప్పింది. నిజమే. దాన్ని పట్టుకుని ఇవాళ్టి కాలమిస్టును "సీఐఏ మనిషి" అంటే నువ్వు కూడా 'లైఫ్' పత్రిక చేసిన పనే చేసినట్లు. మనకిది కొత్తదా? మాస్కోలో వాన పడితే ఇక్కడ గొడుగు పడతారని కమ్యూనిస్టులను వెక్కిరించిన నాడే, 1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు పీకింగ్ (ఇప్పటి బీజింగ్) ఏజెంట్లని జైళ్ళలో పెట్టిన నాడే, ఇటువైపు నచ్చనివాళ్ళందరికీ అమెరికా ఏజెంటు అన్న తిట్టు సిద్ధంగా ఉండేది. డెబ్బయిల్లో 'విదేశీ హస్తం' అన్న మాట వినిపించని రాజకీయ సభ లేదు.

ముద్ర సముద్రాలు దాటుతుందనడానికి మన దగ్గరి ఉదాహరణ ఒకటి నువ్వు వదిలేశావు. 2023 ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్, చైనా ప్రచారానికి డబ్బిస్తున్నాడంటూ ఒక అమెరికన్ సంపన్నుడి మీద పెద్ద కథనం వేసింది. అమెరికాలోని యుద్ధ వ్యతిరేక సంస్థ కోడ్ పింక్‌తో పాటు ఢిల్లీలోని న్యూస్‌క్లిక్ పేరూ అందులో ఉంది. అక్టోబరు 3న ఢిల్లీ పోలీసులు పదుల కొద్దీ పాత్రికేయుల ఇళ్ళ మీద పడ్డారు. సంపాదకుడు ప్రబీర్ పుర్కాయస్థను ఉపా (చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక) చట్టం కింద అరెస్టు చేశారు. కారణాలను రాతపూర్వకంగా ఇవ్వలేదు కాబట్టి ఆ అరెస్టు చెల్లదని 2024 మే 15న సుప్రీంకోర్టు తేల్చింది. ఆరోపణలు నిజమా కాదా అన్నది కోర్టు ఆ తీర్పులో తేల్చలేదు, నువ్వూ తేల్చవద్దు.

ఇక నీ సంగతి. అమెరికాలో వీసా మీద ఉన్నదానివి. 2025 మార్చిలో బోస్టన్ దగ్గర టర్కీ నుంచి వచ్చిన పరిశోధక విద్యార్థినిని వీధిలోనే పట్టుకుని లూసియానా దాకా తీసుకుపోయారు. హమాస్‌కు మద్దతు ఇచ్చిందని ప్రభుత్వం అన్నది. మరో ముగ్గురితో కలిసి విశ్వవిద్యాలయ పత్రికలో రాసిన వ్యాసం తప్ప వేరే ఆధారమేమీ ప్రభుత్వం తన ముందు పెట్టలేదని న్యాయమూర్తి అన్నాక మేలో విడిచిపెట్టారు. ఇక్కడ ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని ధైర్యంగా రాయమని నీకు చెప్పడం నాకు సిగ్గుచేటు. కలం పేరు పెట్టుకుంటావా, నీ పేరే వేయమంటావా, చదువయ్యేదాకా ఆగుతావా, నువ్వే తేల్చుకో. మీ అమ్మానాన్నలతో ఒక మాట అనుకో. ఏది ఎంచుకున్నా నీ మీద నా అభిప్రాయం మారదు. ఒకటే షరతు, భయపడి వాక్యాలను గుంభనంగా మాత్రం రాయకు. ఇప్పుడున్న ప్రతిలో నాలుగో పేజీ అంతా అలాగే ఉంది, ఎవరిని గురించి అంటున్నావో నాకే అర్థం కాలేదు. చెప్పలేనిది తీసెయ్, చెప్పేది సూటిగా చెప్పు.

చివరి పేరాలో ప్రజాస్వామ్యం గురించిన ఉపన్యాసం కూడా తీసెయ్. లా ఫాలెట్ 1917 అక్టోబరు 6న యుద్ధకాలంలో వాక్స్వాతంత్ర్యం మీద సెనేట్‌లో సుమారు మూడు గంటలు మాట్లాడారు. దాని పూర్తి పాఠం దొరుకుతుంది. అది చదివి, నీకు నచ్చిన చోటు గుర్తు పెట్టుకుని, మళ్ళీ రాసి పంపు. దీపావళి సంచికకు ఇంకా వ్యవధి ఉంది, సంపాదకుడితో నేను మాట్లాడతాను.

శుభాశీస్సులతో,
మీ బాబాయి